కారుకి రెండు కాళ్ళు

మా కారుకి నాలుగు చక్రాలు, రెండు సీట్లు, రెండు కాళ్ళు. చక్రాలూ సీట్లూ ఇంగ్లండులో కంపెనీవాళ్ళు పెట్టారు. కాళ్ళు మన ప్రభుత్వం వారు మంజూరు చేశారు. నమ్మకపోతే పత్రం చూపిస్తాను. ఆరో పేజీలో, టైర్లకి కింద, హారనుకి పైన, "పాదములు, మానవ సంబంధమైనవి, రెండు" అని రాసి, గుండ్రటి ముద్ర వేసి ఉంటుంది.

ఇదంతా ఎలా జరిగిందో చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తే మీరు పట్టించుకోకండి. మా ఆవిడ శేషారత్నం పట్టించుకోవడం మానేసి చాలాకాలమైంది.

కారు పేరు వింటర్‌బోర్న్. మా నాన్నగారు భీమిలి దగ్గర ఒక గోనె మిల్లులో డాక్టరుగా ఉండేవారు. మిల్లు మేనేజరు దొర దేశం వదిలిపోతూ, తన మలేరియాని మూడుసార్లు కుదిర్చినందుకు ఆ కారు ఆయనకిచ్చి ఓడెక్కాడు. ముదురాకుపచ్చ రంగు. నేలకి జానెడెత్తు. ఇద్దరే కూర్చోవాలి, వానొస్తే ఇద్దరూ తడవాలి. గుడ్డ టాపు ఒకటి ఉంది గాని దాన్ని లాగి, గుండీలు పెట్టి, బిగించేసరికి వాన వెలుస్తుంది. ఆ కంపెనీ మూతబడి అరవై ఏళ్ళు దాటింది. మొత్తం నూట పన్నెండు కార్లు చేశారట. ఇప్పటికి తిరిగేవి తొమ్మిదో పదో. స్పేరు పార్టులు ఎక్కడా దొరకవు. ఏది కావాలన్నా ముందు గవరయ్య బుర్రలో తయారై, తర్వాత లేతు మిషను మీదికి రావాలి.

గవరయ్య విశాఖపట్నం అల్లిపురంలో మెకానిక్కు. నలభై రెండేళ్ళుగా ఈ కారుని చూస్తున్నది అతనొక్కడే. నాకు నడపడం వచ్చు, అంతే. దాని ఒంట్లో ఏముందో అతనికే తెలుసు. పచ్చమ్మ అని పిలుస్తాడు. పచ్చమ్మకి రెండు కార్బరేటర్లు. రెండూ సరిసమానంగా గాలి పీలిస్తేనే ఇంజను పలుకుతుంది. గవరయ్య ఒక రబ్బరు ట్యూబు ముక్క తీసుకుని, ఒక కొస చెవిలో, ఒక కొస కార్బరేటరు మూతి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని స్క్రూ తిప్పుతాడు. "రెండూ ఒక్క ఊపిరి తియ్యాల బాబూ. మొగుడూ పెళ్ళాల్లాగ కాదు, కవల పిల్లల్లాగ," అంటాడు. ఆ పని ఈ ఊళ్ళో ఇంకెవరికీ చేతకాదు.

ఈ నలభై రెండేళ్ళలో గవరయ్య ఆ బండి కింద పడుకున్నాడు, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు, పరీక్షించడానికి వీధి చివరిదాకా నడిపి తెచ్చాడు. కానీ పక్క సీట్లో, చేతిలో పానా లేకుండా, ఊరికే కూర్చుని, ముఖానికి గాలి కొట్టించుకుంటూ ఒక్కసారి కూడా పోలేదు. ఈ సంగతి నాకు నిన్నమొన్నటిదాకా తట్టనే లేదు. అందుకు సిగ్గుపడుతున్నాను. అతనికి డెబ్భై వచ్చాయి, చేతులు వణుకుతున్నాయి. వచ్చే మాఘమాసంలో షెడ్డు మూసేసి పర్లాకిమిడిలో చిన్నకూతురి దగ్గరికి పోతానన్నాడు. అతను పోయాక ఆ బండి మళ్ళీ పలకదు. అతను లేని బండిని నేను నడపాలనీ అనుకోలేదు.

"వెళ్ళేలోగా నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని భీమిలి తీసుకెళ్తాను," అన్నాను.

"నాను పైన కూకుంటే కింద ఎవలు సూస్తారు బాబూ?" అన్నాడు. రెండ్రోజులు ఆలోచించుకుని మళ్ళీ వచ్చి, "తెల్ల సొక్కా ఇస్త్రీ సేయించి ఉంచుతాను," అన్నాడు.

సరిగ్గా అప్పుడే పాత బళ్ళ మీద ప్రభుత్వానికి రెండు రకాల శ్రద్ధ ఒకేసారి పుట్టింది. ఒక శాఖ వాటిని తుక్కు కింద కొట్టించాలంది. ఇంకో శాఖ కళ్ళకద్దుకోవాలంది. కళ్ళకద్దుకునే శాఖ పేరు వారసత్వ వాహన యథాతథ పరిరక్షణ సంస్థ. అందులో నమోదైతే తుక్కువాళ్ళు ముట్టుకోరు. నమోదు కాకపోతే వారం తిరక్కుండా లారీ తెచ్చి పట్టుకుపోతారు. నేను పరుగున పోయి దరఖాస్తు పెట్టాను.

తనిఖీకి చెప్పి వస్తారనుకున్నాను. చెప్పి వస్తే వాహనం ముస్తాబైపోతుందని వారి నియమావళిలో ఉందట. ఏప్రిల్‌లో ఒక మంగళవారం పదకొండు గంటలకి మా ఇంటి ముందు జీపు ఆగింది. దిగినాయన పేరు కొచ్చెర్లకోట విశ్వపతి, హోదా ప్రాంతీయ యథాతథాధికారి. పట్టు పరిశ్రమ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. చాలా మర్యాదస్తులు. మా కారు షెడ్డులోకి చెప్పులు విప్పి మరీ వచ్చారు.

ఆ వేళకి కార్బరేటర్లు రెండూ విప్పి, బల్ల మీద పాత పేపరు పరిచి, శుభ్రం చేయడానికి పెట్టి ఉన్నాయి. గవరయ్య బండి కింద గోనెపట్టా మీద పడుకుని గేరుబాక్సులోంచి ఆయిలు ఎక్కణ్ణించి కారుతోందో వెతుకుతున్నాడు. మోకాళ్ళ నుంచి కిందిభాగం మాత్రం బయట ఉంది.

"బయటికి వచ్చీమంటారా బాబూ?" అన్నాడు లోపల్నించి.

విశ్వపతి గారు చెయ్యెత్తి ఆపారు. "వద్దు. ఎవరూ కదలరాదు. ఉన్నది ఉన్నట్టు నమోదు కావాలి. మా సంస్థ ధ్యేయం అదే."

వెంట వచ్చిన గుమాస్తా నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. విశ్వపతి గారు నేల మీద ఆయిలు చుక్కలు చూసి, గడియారం తీసి లెక్క కట్టారు. నలభై సెకన్లకి ఒకటి.

"ఈ తైలస్రావం ఎంతకాలంగా ఉన్నది?"

"కంపెనీ నుంచి దిగిన రోజు నుంచీ ఉందండి," అన్నాను గొప్పగా. వయసు మీద పడ్డాక కూడా నోరు అదుపులో లేకపోతే ఇలాగే ఉంటుంది.

మూడు వారాలకి పత్రం వచ్చింది. పదకొండు పేజీలు. మొదటి పేజీలో మా కారుకి శుభాకాంక్షలు ఉన్నాయి. మిగతా పేజీల్లో దాని యథాతథ స్థితి వివరంగా ఉంది. చక్రములు నాలుగు. కార్బరేటర్లు రెండు, బల్లపై, వార్తాపత్రిక సహితముగా. తైలబిందువు, నలభై సెకన్లకు ఒకటి, ప్రాచీనమైనది. పాదములు, మానవ సంబంధమైనవి, రెండు, వాహనము ముందుభాగమున, ఎడమ పాదము రెండవ వేలి గోరు నలుపు. తనిఖీకి వారం ముందు గవరయ్య కాలి మీద జాకీ పడింది, ఆ నలుపు అదే. చివరి పేజీలో ఒక్కటే వాక్యం: "పై స్థితి నుండి వెంట్రుకవాసి మార్పు కనిపించినను నమోదు రద్దుచేయబడి, వాహనము ఏడు దినములలో తుక్కు నిమిత్తము అప్పగించబడును."

చదివి నవ్వుకున్నాను. శేషారత్నం నవ్వలేదు. "ముందు ఆ కార్బరేటర్లు పెట్టుకోవచ్చో లేదో అడిగి రండి," అంది.

అడగడానికి వెళ్ళాను. విశ్వపతి గారు కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, నా అర్జీ రెండుసార్లు చదివారు.

"నరసింగరావు గారూ, మీరు కార్బరేటర్లు బిగిస్తామంటున్నారు. ఎక్కడి నుంచి తీసి ఎక్కడ బిగిస్తారు?"

"బల్ల మీంచి తీసి ఇంజనుకండి."

"అనగా వాటిని నమోదిత స్థానం నుంచి తొలగిస్తారు."

"వాటి అసలు స్థానం ఇంజనే కదండీ."

"అది తమరి వ్యక్తిగత అభిప్రాయం. సంస్థ దృష్టిలో అసలు స్థానం అంటే ఛాయాచిత్రంలో ఉన్న స్థానం. అవి ఇంజనుకు ఉన్నట్టు మీ వద్ద ఛాయాచిత్రం ఉన్నదా?"

"మా నాన్నగారు కారు పక్కన నిలబడి తీయించుకున్నది ఉందండి. కానీ బానెట్టు మూసి ఉంది."

"చూశారా," అన్నారు ఆయన, నా మీద నిజంగానే జాలిపడుతూ.

"అవి లేకపోతే కారు నడవదండి. నడవని కారు కారెలా అవుతుంది?"

"బొజ్జన్నకొండ మీద స్తూపం నడుస్తున్నదా? అయినను వారసత్వమే కదా. నడిచేవాటిని కాపాడడం ఎవరి తరం, చెప్పండి. నిలిచి ఉన్నవాటినే కాపాడగలం."

ఇంటికొచ్చి గవరయ్యకి చెప్పాను. అతను బల్ల మీద కార్బరేటర్లకేసి చాలాసేపు చూశాడు. "పోనీ తుడిసి పెట్టొచ్చా?" అన్నాడు. నేను పత్రం తీసి చూశాను. దుమ్ము గురించి ప్రత్యేకంగా లేదు గాని, వెంట్రుకవాసి అన్న మాటకి దుమ్ము కూడా వస్తుందేమోనని ఇద్దరం భయపడ్డాం.

జూలైలో మూడు నెలలకోసారి చేసే తనిఖీ వచ్చింది. విశ్వపతి గారు ఫోటో చేత్తో పట్టుకుని బండి చుట్టూ తిరిగి, ముందువైపు ఆగిపోయారు.

"పాదములు ఎక్కడ?"

"అల్లిపురంలో ఉన్నాయండి. ఇవాళ ఎవరిదో ఆటో గేరు పడట్లేదంటే వెళ్ళాడు."

"నరసింగరావు గారూ, వారసత్వ వాహనం తాలూకు భాగాలు మరొక వాహనం మరమ్మతుకు వినియోగించడం ఎంత తీవ్రమైన ఉల్లంఘనో తమకు తెలియదు."

మూడు రోజుల్లో నోటీసు వచ్చింది. ఇకమీదట తనిఖీ తేదీ ముందే తెలుపుతారు, ఆ రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పాదములు వాహనం కింద అమర్చి ఉండాలి. అమర్చిందీ లేనిదీ రాయడానికి ఒక పుస్తకం కూడా పంపారు. పైన 'పాదముల హాజరు పట్టీ' అని అచ్చు వేసి ఉంది. ఒక్క కారు కోసం అచ్చు వేయించరు కదా అని ఆరా తీస్తే, ముందుచూపుతో అయిదు వందలు వేయించారట.

గవరయ్య మొదట నవ్వాడు. తర్వాత, "బాబూ, కింద పడుకోడం నాకు కొత్త కాదు. పని నేకుండా పడుకోడవే కొత్త," అన్నాడు. అక్టోబరు తనిఖీకి పొద్దున్నే వచ్చి గోనెపట్టా మీద పడుకున్నాడు. పైన గేరుబాక్సు, చేతిలో పానా, ముట్టుకోడానికి వీల్లేదు. మధ్యాహ్నం శేషారత్నం పులిహోర ప్లేటు బండి కిందకి తోస్తే, అక్కడే పక్కకి ఒత్తిగిలి తిన్నాడు.

ఆ రోజు రెండు లోపాలు బయటపడ్డాయి. గోరు సగం దాకా తెల్లగా వచ్చేసింది. ఆర్నెల్లైంది మరి. "నలుపు గణనీయముగా తరుగుచున్నది," అని గుమాస్తా చేత రాయించారు విశ్వపతి గారు. శేషారత్నం లోపలికి వెళ్ళి కాటుక భరిణె తెచ్చి, వంగి, చిటికెనవేలితో ఆ గోటికి కాటుక పెట్టింది. విశ్వపతి గారు ఫోటోతో సరిచూసి, "ఇప్పుడు సంతృప్తికరం," అన్నారు.

రెండో లోపం ఆయిలు. బండి నడవక, నింపక, ఉన్నదంతా కారి ఇంకిపోయింది. చుక్క ఆగిపోయింది. నలభై రెండేళ్ళుగా ఆగనిది ఆ రోజు ఆగింది. దానికి వేరే నోటీసు. తైలస్రావాన్ని పదిహేను రోజుల్లో పునరుద్ధరించాలి, వేగం నలభై సెకన్లకి తగ్గకూడదు, పెరగకూడదు.

ఈ నోటీసు చదివి వినిపించినప్పుడు మాత్రం గవరయ్య ముఖం మాడిపోయింది. "బాబూ, ఈ సుక్క ఆపనేకపోనానని నా జీవితవంతా సిగ్గుపడ్డాను. ఎన్ని వాసర్లు కోసాను, ఎన్ని తోళ్ళు పెట్టాను. ఇప్పుడు ఆగితే తప్పంటారేటి?" అని, ఆయిలు డబ్బా తీసి తన చేత్తోనే పోశాడు. చుక్క పడింది. అతను అటు తిరిగి నిలబడ్డాడు. నాకు ఆ సంస్థ మీద అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మాఘం దగ్గరపడుతోంది. పర్లాకిమిడి నుంచి కూతురు ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. గవరయ్య నాకు చెప్పకుండా తనే విశ్వపతి గారి దగ్గరికెళ్ళి, ఊరు మారుతున్నాను సెలవిప్పించండి అని అడిగాడు. వారం తర్వాత నాకు జవాబొచ్చింది, ఎందుకంటే పాదముల యజమానిగా వాళ్ళ రికార్డులో ఉన్నది నేను.

"పాదములు వాహనమున అంతర్భాగమైనందున వాటిని రాష్ట్ర సరిహద్దు దాటించుటకు వీలుపడదు. గవరయ్య అను వ్యక్తి యొక్క మిగిలిన భాగము వెళ్ళుటకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు."

అది పట్టుకుని నేను ఆ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. నా కాళ్ళు పత్రంలో లేవు కనుక ఎంత అరిగినా ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పన్నెండోసారి విశ్వపతి గారు కరిగారు. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. ఎవర్నీ విసుక్కోలేదు, ఎవరి దగ్గరా ఒక్క కాఫీ కూడా తాగలేదు. ఆయన నమ్మినదాన్ని ఆయన చేస్తున్నారు. అదే భరించలేకపోయాను.

"ఒక మార్గం ఉన్నది," అన్నారు. "నిపుణుల సంఘానికి నివేదిస్తాను. పాదములకు ప్రతిరూపం అనుమతించవచ్చును."

నిపుణుల సంఘం అయిదుగురు సభ్యులతో వచ్చి గవరయ్య కాళ్ళని కొలిచి వెళ్ళింది. ఫైబరు కాళ్ళు చేసే పని ఒక శిల్పికి ఇచ్చారు. ఆయన అంతవరకూ నాయకుల విగ్రహాలే చేశాడు కాబట్టి మొదటి జత ఎక్కడికో నడిచి వెళ్తున్నట్టు వచ్చింది. రెండో జత కుదిరింది. మడిచిన ఖాకీ ప్యాంటు, పగిలిన మడమలు, నల్లగోరు, అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. వాటిని బండి కింద ప్రతిష్ఠించే రోజున మా వాకిట్లో షామియానా వేశారు. ఒక పెద్దాయన రిబ్బను కత్తిరించి, కష్టజీవి పాదాలకు ఈ సంస్థ ఇచ్చిన గౌరవం మరువలేనిదని మాట్లాడాడు. ఆ కష్టజీవి ఆఖరి వరసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని విన్నాడు. అతన్ని వేదిక మీదికి పిలవాలని ఎవరికీ తోచలేదు.

"నా కాళ్ళ కన్నా నున్నగున్నాయి బాబూ," అన్నాడు నాతో.

ఆ ప్రతిష్ఠ జరిగిన వారానికి ఒక సర్క్యులర్ వచ్చింది. కొత్త సమస్య తలెత్తకుండా వాళ్ళే ముందుజాగ్రత్తగా పంపారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక శేషారత్నం బఠాణీలు ఒలుస్తుంటే నేను పైకి చదివాను.

"ఒకటి. నమోదిత వాహనము యొక్క ఏ భాగమునకైనను చేయబడిన ప్రతిరూపము ఛాయాచిత్రముతో సరిపోలినచో, అట్టి ప్రతిరూపమునే అసలుగా పరిగణించవలెను. రెండు. సముద్రపు గాలి వలన వాహనమునకు హాని కలుగుచున్నందున, సంస్థ సరఫరా చేయు ముసుగును సర్వకాలములందు కప్పి ఉంచవలెను. తనిఖీ సమయమునందు సైతము ముసుగు తొలగించరాదు. తొలగించుట యథాతథ స్థితికి భంగకరము."

శేషారత్నం ఒక బఠాణీ నోట్లో వేసుకుని, "అయితే ముసుగు కింద కారు కూడా అక్కర్లేదన్నమాట," అంది.

నేను సర్క్యులర్ మళ్ళీ మొదటి నుంచీ చదివాను. అక్కర్లేదు. కారు ఉండాలని ఎక్కడా లేదు.

నలభై ఏళ్ళు నేను ఓడ సరుకుకి ఇన్సూరెన్సు సర్వేయరుగా పనిచేశాను. ఒక్క దొంగ రిపోర్టు రాయలేదు. రాయనివ్వలేదు కూడా. అందుకని ఆ మధ్యాహ్నం కాస్త బెరుకుగానే అల్లిపురం వెళ్ళి, గవరయ్యకి విషయం చెప్పాను. అతను అంతా విని, ఒక్కటే అడిగాడు. "వెదురా, సరుగుడా?"

వెదురే తెచ్చాడు. రెండు రోజుల్లో తడికతో బండి ఆకారం కట్టాడు. నలభై రెండేళ్ళు తడిమిన ఒళ్ళు కదా, కొలతలు చూసుకోనక్కర్లేకపోయింది. ముసుగు కప్పితే నేనే తేడా కనిపెట్టలేకపోయాను. లోపల ఒక డబ్బాలో ఆయిలు పోసి, చిల్లు పొడిచి, నూలుపోగు దూర్చాడు. నలభై సెకన్లకి ఒక చుక్క. "దీన్ని ఆపడం నా వల్ల కానేదు గాని, సేయడం సులువే," అన్నాడు. బల్ల మీద పేపరు పైన రెండు పాత స్కూటరు కార్బరేటర్లు పెట్టాడు. ముందు ఫైబరు కాళ్ళు. అసలు పచ్చమ్మని గోనెలు చుట్టి, రిక్షా ట్రాలీకి కట్టి, తన షెడ్డుకి లాక్కుపోయాడు.

ఆదివారం ఉదయం నేను వెళ్ళేసరికి కార్బరేటర్లు ఎక్కించి, రబ్బరు ట్యూబు చెవిలో పెట్టుకుని ఉన్నాడు. చెయ్యి బాగా వణుకుతోంది. స్క్రూ మీద స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. మూడోసారి ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని తిప్పాడు. ఇంజను దగ్గి, తడబడి, ఒక్క గొంతుతో పలికింది. తొమ్మిది నెలలైంది ఆ చప్పుడు విని. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గవరయ్య మాత్రం ఇంకా కళ్ళు మూసుకుని వింటూనే ఉన్నాడు.

జనవరి తనిఖీ మంగళవారం జరిగింది. విశ్వపతి గారు ముసుగుకి వేరే తీయించిన ఫోటో పట్టుకుని దాని చుట్టూ తిరిగారు. చుక్కకి గడియారం పెట్టారు. కాళ్ళ ముందు కూర్చుని గోరు చూశారు. పది గంటల నలభై నిమిషాలకి ధ్రువపత్రం మీద సంతకం చేసి, వందకి తొంభై ఎనిమిది మార్కులు వేశారు. ముసుగు మీద కాకి రెట్ట ఒకటి ఫోటోలో లేనందుకు రెండు తగ్గించారు.

"మొదట్లో మీరు సహకరించలేదని నాకు కొంత మనస్తాపం ఉండేది," అన్నారు వెళ్తూ. "ఇప్పుడు మీ వాహనం రాష్ట్రానికే ఆదర్శం. ఇంత నిశ్చలంగా ఉన్న వాహనం నేను చూడలేదు."

ఆ రోజే మూడు గంటలకి అల్లిపురం వెళ్ళాను. గవరయ్య తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. పక్క సీట్లో కూర్చుంటూ ముందు చెప్పులు విప్పాడు. వేసుకోమన్నాను. వినలేదు, వాటిని చేత్తో పట్టుకున్నాడు.

బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటి తొట్లకొండ మలుపు దగ్గరికొచ్చేసరికి ఎదురుగా ఒక జీపు వచ్చి, మమ్మల్ని దాటి, ఆగి, వెనక్కొచ్చింది. విశ్వపతి గారు. భీమిలిలో ఒక వారసత్వ రిక్షాని తనిఖీ చేసి వస్తున్నారు. నాకు తుక్కు లారీ కళ్ళ ముందు కనబడింది. గవరయ్య చెప్పులు ఒళ్ళోకి లాక్కున్నాడు.

ఆయన దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగారు. నంబరు పలక చూశారు. నన్ను చూశారు. గవరయ్యని చూశారు. గవరయ్య కాళ్ళు చూశారు.

"ఈ వాహనం మన నమోదిత వాహనాన్ని పోలి ఉన్నది," అన్నారు.

"పోలి ఉందండి," అన్నాను.

"కానీ మన వాహనం షెడ్డులో ఉన్నది. ఉదయం పది నలభైకి నేనే ధ్రువీకరించాను." జేబులోంచి నకలు తీసి చూసుకున్నారు. సంతకం ఆయనదే. ఆ సంతకాన్ని ఆయన చాలాసేపు చూశారు. ఆయన అంత సేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. "కావున ఇది అది కాదు. ఇది అసలు అయ్యే అవకాశం లేదు. అసలుకీ దీనికీ చాలా తేడా ఉన్నది. అందులో ఇంత కదలిక లేదు."

"లేదండి."

"ఇది మా పరిధిలోకి రాదు. మీరు వెళ్ళవచ్చును."

నేను గేరు వేయబోయాను. ఆయన కదల్లేదు. బానెట్టు మీద అరచెయ్యి ఆన్చి, అలాగే నిలబడ్డారు. కింద ఇంజను తిరుగుతోంది. ఆ వేడి, ఆ అదురు ఆయన చేతికి తెలుస్తోంది.

"ఇలా ఉంటుందా?" అన్నారు మెల్లగా. యథాతథాధికారిగా ఆయన అప్పటికి ముప్ఫై ఒక్క వాహనాలు పరిరక్షించారు. ఒక్కదాని చప్పుడు కూడా వినలేదట.

"రెండూ ఒక్క ఊపిరి తీస్తేనే ఇలాగుంటాదండి," అన్నాడు గవరయ్య.

విశ్వపతి గారు చెయ్యి తీసేసి, జేబురుమాలుతో తుడుచుకోబోయి, మానేసి, జీపెక్కారు.

భీమిలిలో పాత లైట్‌హౌసు దగ్గర ఆపాను. గవరయ్య దారంతా జీపు దగ్గర తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. గాలికి జుట్టంతా లేచిపోయింది. నచ్చలేదేమోనని నాకు దిగులేసి, "ఎలా ఉంది గవరయ్యా?" అని అడిగాను.

"నలబై రెండేళ్ళు కింద నుంచే సూసాను బాబూ," అన్నాడు. "పైకి ఇలాగుంటాదని తెల్దు." మళ్ళీ అన్నాడు, "రుషికొండ దాటినకాడి నుంచీ ఎడంపక్క ఏదో టిక్కుటిక్కుమంటంది. మీరు ఇన్నేదా?"

నేను వారించేలోపల చెప్పులు పక్కన పెట్టి, ఇస్త్రీ చొక్కాతోటే నేల మీద పడుకుని, వెనక్కి జరుగుతూ బండి కిందికి పోయాడు. మోకాళ్ళ నుంచి కిందిభాగం మాత్రం బయట ఉంది. పగిలిన మడమలు. ఎడమకాలి రెండో వేలి గోరు పూర్తిగా తెల్లబడిపోయింది, నలుపు జాడ కూడా లేదు. దాని పక్కనే ఒక ఆయిలు చుక్క పడింది.

గురువారం బస్సుకి అతను పర్లాకిమిడి వెళ్ళిపోతాడు. టిక్కెట్టు చొక్కా జేబులోనే ఉంది, ఇప్పుడు దానికి మట్టి అంటుతుంది. ఇన్నాళ్ళూ ఆ సంస్థని నేను తిట్టని తిట్టు లేదు. ఆ కాళ్ళని చూస్తూ నిలబడితే మాత్రం విశ్వపతి గారు అంత తప్పేమీ చెప్పలేదనిపించింది.

"బయటికి వచ్చీమంటారా బాబూ?" అన్నాడు లోపల్నించి.

"వద్దు గవరయ్యా," అన్నాను. "ఉన్నది ఉన్నట్టు ఉండనీ, కాసేపు."